రెండు రకాలు చేయకు, చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆటలు నేర్పే పిల్లలకి పోటీల రోజున ఓట్స్ బార్లు స్వయంగా చేసి తీసుకెళ్తానని మాటిచ్చావట. ఒకటీ రెండూ కాదు, 48. టీ పెట్టమంటే గిన్నె మాడ్చినవాడివి నువ్వు! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒకటే గర్వం, పెదనాన్నని నిద్ర లేపి మరీ చెప్పాను. ఆయన మళ్లీ పడుకున్నారు గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను. అక్కడిదాకా చదవకుండా కొలతలు రాసుకుని ఉత్తరం మడిచేస్తావని తెలుసు. చదవరా, బాబూ.

ముందు కొలతలు. 20 సెంటీమీటర్ల చదరపు ట్రే ఒకటి తీసుకుంటే ఐదేసి సెంటీమీటర్ల ముక్కలు 16 వస్తాయి. మూడు ట్రేలైతే నీ 48 సరిపోతాయి. ఒక్కో ట్రేకి ఓట్స్ 180 గ్రాములు, అంటే రెండు కప్పులు. నట్ బటర్, అంటే పల్లీల్లాంటివి నున్నగా ఆడించిన ముద్ద, ముప్పావు కప్పు, తేనె అర కప్పు, సన్నగా తరిగిన గింజలు అర కప్పు, ఉప్పు పావు టీస్పూను. ఉప్పు మర్చిపోయావంటే తీపి తప్ప ఇంకేమీ తెలియదు. మూడు ట్రేల సరుకూ ఒకే గిన్నెలో కలిపేద్దామనుకోకు. మూడోది ట్రేలోకి చేరేలోపు చల్లారి గట్టిపడుతుంది, నీ మణికట్టు నొప్పెడుతుంది. విడివిడిగా కలుపు.

ఓట్స్ పల్చగా అటుకుల్లా ఉండే రోల్డ్ ఓట్సే కొను. వాటిని మిల్లులోనే ఆవిరి పట్టి నొక్కుతారు, అందుకే మళ్లీ ఉడికించకపోయినా తినొచ్చు. స్టీల్ కట్ అని గింజ ముక్కల్లా అమ్ముతారు చూడు, అవి వద్దు, పంటికింద రాళ్లే. ఇన్‌స్టంట్‌వి మరీ మెత్తబడి ముద్దవుతాయి. ఈ బార్లకి ఓవెన్ అక్కర్లేదు కదా అని పచ్చివే వేసేయకుండా, మూకుట్లో సన్న సెగమీద ఆరేడు నిమిషాలు వేయించు. కమ్మటి వాసన రాగానే దించెయ్యి. రంగు మారేదాకా ఆగితే చేదెక్కుతాయి. ఒకటి గుర్తుపెట్టుకో. ముద్ద జారుగా ఉందని గోధుమపిండో మైదానో కలపకు. పచ్చిపిండిలో రోగం తెచ్చే క్రిములు ఉండొచ్చు, ఇక్కడ వాటిని చంపే వేడి ఏదీ తగలదు. ఇంకాసిని ఓట్స్ వెయ్యి, చాలు.

సీసాలో నట్ బటర్ నూనె పైకి తేలి ఉంటుంది. అడుగు దాకా స్పూను దించి ఓపిగ్గా కలుపు. పైపైన తీసి వాడితే మొదటి ట్రే నూనె కారుతుంది, మూడోది ఇసుకలా రాలుతుంది. గట్టిగా ఉందని నీళ్లు మాత్రం చుక్క కూడా పోయకు. పల్చబడకపోగా ఇంకా బిగుసుకుంటుంది.

తేనె గోరువెచ్చగా చేస్తే చాలు. నట్ బటర్, ఉప్పు అందులో వేసి నున్నగా కలిసేదాకా తిప్పి దించి, వేయించిన ఓట్స్, గింజలు కలిపెయ్యడమే. ఒకసారి నేను ఫోన్లో మాట్లాడుతూ తేనెని బుడబుడా మరగనిచ్చాను. నీరు చాలావరకు ఆవిరైపోయి, వేడి 120 డిగ్రీలు దాటిందంటే ఆ తేనె చల్లారాక గట్టిపడిపోతుంది. ఆ బార్లు కొరికి పెదనాన్న దవడ పట్టుకుని కూర్చున్నారు. ఇప్పటికీ నేనేం చేసిపెట్టినా ముందు వేలితో కొట్టి చూసి తింటారు.

చాక్లెట్ ముక్కలు వేస్తావేమో, ముద్ద చల్లారాకే వెయ్యి.

ఇక నొక్కడం. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. ట్రేలో బటర్ పేపర్ అంచులు పైకి వచ్చేలా పరిచి, ముద్ద వేసి, పైన ఇంకో కాగితం కప్పి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో నొక్కు. ముందు మూలలు, తర్వాత అంచులు, చివర మధ్య. ఒళ్లు బరువంతా పెట్టి నొక్కాలి. ఓట్స్ మధ్య గాలి మిగిలిన చోటల్లా ముక్క విరుగుతుంది. తర్వాత ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు. గంటకే తలుపు తీసి వేలు పెట్టి చూస్తావు, నాకు తెలుసు.

పని ఇంతే. ఇక నిద్ర పట్టకపోవడానికి కారణం.

మీ అక్క చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు వాళ్ల క్లాసు పిల్లల్ని ఒకరోజు బయటికి తీసుకెళ్లారు. తినడానికి బార్లు చేసిస్తానని నీలాగే నేనూ మాటిచ్చాను. వాళ్లలో ఒక పిల్లాడికి పల్లీలు పడవు. వాళ్లమ్మ రెండు రోజుల ముందే వచ్చి చెప్పింది, బతిమాలినట్టుగా చెప్పింది. నేను నొచ్చుకున్నాను కూడా, ఇంత చిన్న విషయానికి అంత బతిమాలాలా అని. వాడికి వేరే చేస్తానన్నాను. చేశాను కూడా. మిగతా అందరికీ పీనట్ బటర్‌తో, వాడికి పొద్దుతిరుగుడు గింజల బటర్‌తో. గిన్నె వేరు, గరిటె వేరు, ట్రే వేరు. వాడి ట్రే ముందు చేసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. మూత మీద వాడి పేరు రాసి అతికించాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున ముక్కలు కోయడం. ఈ బార్లు చాకుకి అంటుకుంటాయి. అందుకని అందరూ చేసే పనే నేనూ చేశాను. పక్కన గ్లాసులో వేడినీళ్లు, భుజం మీద తుడుపుగుడ్డ. చాకు ముంచడం, తుడవడం, కోయడం. మళ్లీ ముంచడం, తుడవడం, కోయడం. పల్లీల ట్రేలు ముందు అయిపోయాయి. చాకుని సబ్బుతో రుద్ది కడిగాను. పీట మార్చాను. పై అరలోంచి వాడి ట్రే తీశాను. చాకుని మళ్లీ ఆ గ్లాసులోనే ముంచాను. ఆ గుడ్డతోనే తుడిచాను.

చాకు తళతళలాడుతోందిరా. దాని మీద ఏమీ కనబడలేదు.

పిల్లాడు సగం ముక్క తిన్నాడు. పది నిమిషాలైనా కాలేదు, పెదవి గోక్కుంటూ వాళ్లమ్మ దగ్గరికి వచ్చి గొంతులో ఏదో గుచ్చుకుంటోందన్నాడు. మెడ మీద ఎర్రగా దద్దుర్లు. ఆవిడ సంచీలోంచి ఇంజెక్షన్ తీసింది, పడనిది తిన్నప్పుడు వెంటనే వేసే ఎపినెఫ్రిన్. అప్పుడు నేను ఒక మాటన్నాను. ఆ మాట ఇన్నేళ్లలో మీ అక్కకి కూడా చెప్పుకోలేదు. "అందులో పల్లీలు లేవండీ, నేనే వేరుగా చేశాను. ఎండకేమో, కాసిని నీళ్లు తాగనివ్వండి" అన్నాను. అంత ధీమాగా చెప్పేసరికి ఆవిడ చేయి ఆగింది. నా మొహం చూసింది, వాడి మొహం చూసింది. ఎంతసేపో నాకు తెలియదు. ఒక నిమిషమేమో, రెండేమో. వాడు దగ్గడం మొదలుపెట్టాడు, ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. ఆవిడ ఇక నా వైపు చూడలేదు. వాడిని పడుకోబెట్టి తొడ పక్కన ఇంజెక్షన్ పొడిచింది. అంబులెన్స్ వచ్చేలోపే ఊపిరి కాస్త తేలికపడింది. తగ్గిందనుకున్నాక కూడా కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టొచ్చని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. పిల్లాడు బాగున్నాడు. ఇప్పుడు నీకంటే పొడుగు.

ఆ రాత్రి ఇంటికొచ్చి సింకు దగ్గర నిలబడ్డాను. గ్లాసు అలాగే ఉంది. నీళ్లు చల్లారిపోయాయి. లైటు వెలుగులో పైన నూనె చుక్కలు చిన్న చిన్న వలయాల్లా తేలుతున్నాయి. అడుగున పిండిలాంటి మడ్డి. చాకు కడిగాను, పీట మార్చాను, గ్లాసులో నీళ్లు మాత్రం మార్చలేదు. గ్లాసుని వంటసామానుగా లెక్కేసుకోవాలని తట్టలేదు నాకు.

అందుకే చెప్తున్నాను, రెండు రకాలు చేయకు. పడని పిల్లలకి వేరుగా, మిగతావాళ్లకి మామూలుగా అనే ఆలోచనే మానుకో. నువ్వు జాగ్రత్తగానే ఉంటావు, ఆ రోజు నాకంటే జాగ్రత్తగా ఉంటావు. కానీ 48 ముక్కలు కోస్తున్నప్పుడు చేతికి అలవాటు పడిపోతుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. పైగా పిల్లలు ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని తింటారు. ఏ ముక్క ఎవరిదో నువ్వెంతని చూస్తావు?

మొత్తం మూడు ట్రేలూ పొద్దుతిరుగుడు గింజల బటర్‌తోనే చెయ్యి. తరిగి కలిపే గింజల్లో బాదం, జీడిపప్పు కూడా వద్దు, గుమ్మడి గింజలు వెయ్యి. నిజానికి పల్లీ పప్పుజాతి, బాదం చెట్టుకి కాసేది, రెండూ వేరే. ఒకటి పడనివాళ్లకి రెండోది పడొచ్చు, పడకపోవచ్చు. ఆ లెక్కలు మనకెందుకు? నువ్వుల బటర్ వాడదామనుకుంటావేమో, నువ్వులు పడనివాళ్లూ ఉన్నారు. పొద్దుతిరుగుడు బటర్ కాస్త చేదు తగులుతుంది కాబట్టి ఒక చెంచా తేనె, చిటికెడు ఉప్పు ఎక్కువ వేసుకో. రుచి తేడా పిల్లలకి తెలియను కూడా తెలియదు.

కొనేటప్పుడు సీసా వెనక సన్నటి అక్షరాలు చదువు. పల్లీలు ఆడించే చోటే ఇదీ తయారైందని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రా. ఓట్స్ ప్యాకెట్టు, చాక్లెట్ ప్యాకెట్టు కూడా చూడాలి. ఇంట్లోనే ఆడిస్తానంటావా, మిక్సీ జార్ అడుగున బ్లేడు కింద, మూతలోని రబ్బరు కింద పాత పల్లీపొడి ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా నాకు నమ్మకం లేదు. కొనడమే మేలు. పని మొదలుపెట్టే ముందు గట్టు, గిన్నెలు, చేతులు సబ్బుతో కడుగు. శానిటైజర్ రాసుకున్నానని చెప్పకు. అది క్రిములకి పనికొస్తుంది గానీ అంటుకున్న పల్లీని వదిలించదు. వేయించినా పోయేది కాదు అది. తుడుపుగుడ్డ ఉతికింది తీసుకో. గ్లాసు సంగతి మళ్లీ చెప్పను.

అన్నిటికంటే ముందు పిల్లల ఇళ్లకి ఈరోజే ఫోన్ చేసి ఎవరికేం పడదో అడుగు. కాగితం మీద రాసుకో. అలా పడని పిల్లలుంటే ఇంజెక్షన్ ఎవరి దగ్గర ఉంటుందో, ఆ రోజు మైదానానికి తెస్తున్నారో లేదో కూడా కనుక్కో. డబ్బా మీద బార్లలో ఏమేం వేశావో అన్నీ రాసి అతికించు. గోధుమ పడని పిల్లలుంటే మామూలు ఓట్స్ పనికిరావు. పొలంలోనూ మిల్లులోనూ గోధుమ కలుస్తుంటుంది. గ్లూటెన్, అంటే గోధుమలో ఉండే ప్రోటీన్, లేదని రాసినవే కొనాలి. పోటీలు చూడ్డానికి చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు కూడా వస్తారు. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించనివ్వకు, అందులో ఉండే ఒక రకం బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. మరీ చిన్నపిల్లలుంటే గింజలు బాగా నలగ్గొట్టి వెయ్యి, గొంతుకి అడ్డం పడకుండా.

ఏ పిల్లో పిల్లాడో వచ్చి నోరు దురదగా ఉందంటే "అందులో ఏమీ లేదు" అని మాత్రం అనకురా. నీకెంత నమ్మకమున్నా సరే. ముందు ఇంజెక్షన్ వెయ్యనివ్వు, అంబులెన్స్‌ని పిలువు, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.

చదువుతూ మొహం ముడుచుకుంటున్నావు కదూ. సంతోషంగా బార్లు చేద్దామంటే పెద్దమ్మ ఆసుపత్రి కథ చెప్తోందని. ఆ తర్వాత నాలుగేళ్లు నేను బయటివాళ్ల పిల్లలకి ఏదీ చేసి పెట్టలేదు. ఎవరైనా అడిగితే చేయి నొప్పనేదాన్ని. మళ్లీ మొదలుపెట్టింది నీవల్లే. నీకప్పుడు ఐదేళ్లు. స్టూలెక్కి గట్టు మీదకి వంగి, "పెద్దమ్మా, నేను నొక్కుతా" అని గ్లాసు లాక్కున్నావు. నొక్కేది తక్కువ, నాకేది ఎక్కువ.

ముందురోజు సాయంత్రమే చేసి పెట్టుకో, ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటాయి. ఎండలో మెత్తబడిపోతాయి కాబట్టి ఐసు ప్యాకెట్లు వేసిన డబ్బాలో తీసుకెళ్లు, వరసకీ వరసకీ మధ్య కాగితం పెట్టు. ఇప్పుడే ఒక ట్రే ఊరికే చేసి చూసుకో. విరిగిపోతుంటే ఒక చెంచా బటర్ పెంచు, జారిపోతుంటే ఓట్స్ పెంచు. కోసేటప్పుడు అంచులు వంకరగా వస్తాయి, వాటిని చెక్కేసి పక్కన పెట్టు. అవి నీవే. చిన్నప్పుడు నేను చూడట్లేదనుకుని జేబులో వేసుకునేవాడివి, మీ అమ్మ బట్టలు ఉతుకుతూ నన్ను తిట్టేది.

కోసే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే.

మీ పెద్దమ్మ