చైనా గోడా, చీపురుపుల్లా

అడగండి, లెక్కేసి చెబుతా

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. సెలవులొస్తే చాలు, కంప్యూటర్లో సివిలైజేషన్ అనే ఆట. మొన్న అన్నానికి పిలిస్తే "చైనా గోడ పూర్తయిపోతోందమ్మా, ఒక్క టర్న్" అన్నాడు. ఆ గోడ చంద్రుడి మీంచి కూడా కనబడుతుందట, మనుషులు కట్టినవాటిలో అదొక్కటేనట. చిన్నప్పుడు మా మాస్టారూ ఇదే చెప్పారు. నిజమేనా? అలా అయితే మూడున్నర కిలోమీటర్ల మన ధవళేశ్వరం బ్యారేజీ కూడా కనబడాలి కదండీ?
– ఒక గృహిణి, రావులపాలెం

జవాబు: కనబడదమ్మా. చంద్రుడి దాకా ఎందుకు, నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం నుంచి ఉత్త కంటితో చూసి "ఇదిగో గోడ" అనడమే కష్టం. మీ మాస్టారిని మాత్రం ఏమీ అనకండి. ఈ మాట రాకెట్ల కంటే పాతది. 1754లోనే ఇంగ్లండులో విలియం స్టూక్లీ అనే ఆయన ఆ గోడ చంద్రుడి మీంచి కనబడవచ్చని ఉత్తరంలో రాశాడు. 1932లో రిప్లీ వింతల శీర్షిక అదే మాటని బొమ్మ వేసి మరీ అచ్చేసింది. మొట్టమొదటి వ్యోమగామి గగారిన్ పైకెళ్ళిందేమో 1961లో! ఎవరూ వెళ్ళి చూడకుండానే రెండొందల ఏళ్ళు నడిచిన కబురన్నమాట.

2003లో చైనా తన మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్‌ని పంపింది. తిరిగొచ్చాక అడిగితే, నాకు గోడ కనబడలేదు అన్నాడాయన. సొంత దేశపు గోడ, పాపం. ఆ మరుసటి ఏడాది లెరాయ్ చియావ్ అనే వ్యోమగామి అంతరిక్ష కేంద్రం నుంచి లెన్సు పెట్టి ఫొటో తీశాడు. అందులో గోడ సన్నగా పడిందని తర్వాత తేల్చారు గానీ, తీసేటప్పుడు ఆయనకే ఖాయంగా తెలియదు.

ఇక లెక్క. ఒక వస్తువు వెడల్పుకి సుమారు 3,400 రెట్ల దూరం వరకూ మన కన్ను దాని ఆకారం పట్టుకోగలదు. పదిరూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. తొంభై మీటర్లు దాటితే ఇక అది బిళ్ళ కాదు, చుక్క. ఆ లెక్కన నాలుగొందల కిలోమీటర్ల ఎత్తు నుంచి కనబడాలంటే వస్తువుకి 118 మీటర్లయినా వెడల్పుండాలి. గోడ పైభాగం వెడల్పు నాలుగైదు మీటర్లు. వేల కిలోమీటర్ల పొడవుండి ఏం లాభం? చంద్రుడి దగ్గరకెళితే ఆ 118 మీటర్లు కాస్తా 113 కిలోమీటర్లవుతాయి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కొలిచినా అంత లేదు.

నమ్మకం కుదరకపోతే నేను చేసిన పని చేయండి. నాలుగొందల కిలోమీటర్లకి అయిదు మీటర్లంటే ఎనభై వేలలో ఒక వంతు. కొబ్బరి ఈనె మందం రెండు మిల్లీమీటర్లనుకుంటే, 160 మీటర్ల దూరంలో అది అంతరిక్షం నుంచి చూసే చైనా గోడతో సమానం. మా ఆవిడ చూడకుండా చీపురులోంచి ఒక పుల్ల లాగి, మా ఇంటెనక కాలవగట్టు మీద బురదలో గుచ్చి, మనవడూ నేనూ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. ముప్ఫై మీటర్లకే నాకు పోయింది. వాడి కళ్ళు కుర్రకళ్ళు, ఇంకో పాతిక దాకా "ఉంది తాతా, ఉంది" అన్నాడు. 160 దగ్గర తిరిగి చూస్తే పుల్ల సంగతి అలా ఉంచండి, గుచ్చిన చోటేదో కూడా ఇద్దరికీ తెలియలేదు. వెతుక్కుంటూ వెనక్కొచ్చాం. చీపురు విషయం ఇంట్లో తెలిసిపోయింది, అది వేరే కథ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కరెంటు తీగ పుల్ల కంటే పెద్ద లావేం కాదు, అయినా ఎంతో దూరం నుంచి కనబడుతుంది. ఎందుకు? వెనక తెల్లటి ఆకాశం, ముందు నల్లటి గీత. రంగులో తేడా గట్టిగా ఉంటే సన్నటి గీతని కూడా కన్ను పట్టేస్తుంది. గోడకి ఆ అదృష్టమూ లేదు. చాలాచోట్ల అక్కడి మట్టితోనే, అక్కడి రాయితోనే కట్టారు కాబట్టి కొండ రంగే గోడ రంగు.

మరి మీ అబ్బాయి ఎందుకు నమ్ముతున్నాడు? ఆటలో కనబడుతుంది కాబట్టి. సిడ్ మైయర్ బృందం 1991లో మొదలుపెట్టిన ఆట అది. అందులో మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం. కానీ అక్కడి సైనికుడు చెట్టంత ఉంటాడు, గోడ కొండల మధ్య దర్జాగా కనబడుతుంది. ఆ వరసలో అయిదో ఆటలో ఆ గోడ కట్టేస్తే శత్రువుల నడక మన హద్దుల్లో మందగిస్తుంది, డైనమైట్ కనిపెట్టేదాకా. అంత పనిచేసే గోడని ఉన్న కొలతలో గీస్తే ఆడేవాడికి ఏం కనబడుతుంది?

ఈ మోసం నేనూ చేశాను. ముప్ఫై ఏళ్ళు కాలవల డ్రాయింగులు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. కొత్తలో అంగుళానికి నాలుగు మైళ్ళ స్కేల్లో డెల్టా మ్యాపు ట్రేసింగ్ నా చేతికిచ్చారు. ఇరవై మీటర్ల కాలవ ఆ స్కేల్లో మిల్లీమీటరులో పన్నెండో వంతు కూడా ఉండదు. నేను బుద్ధిమంతుణ్ణి కదా, ఉన్నవాటిలో సన్నటి నిబ్బుతో వెంట్రుకలా లాగాను. అమ్మోనియా ప్రింటు, అంటే నకలు, తీసేసరికి సగం కాలవలు మాయం. సారు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని "కాలవేదయ్యా? ఎండగట్టేశావా?" అన్నారు. ఆఫీసంతా నవ్వు. తర్వాత 0.8 నిబ్బుతో మళ్ళీ గీశాను. ఆ గీత ప్రకారమైతే మన కాలవ రెండొందల మీటర్ల వెడల్పు! ఇప్పటిదాకా ఎవరూ తప్పు పట్టలేదు.

బ్యారేజీ సంగతి. పొడవు మూడున్నర కిలోమీటర్ల పైమాటే, 175 గేట్లు, కానీ అడ్డంగా చూస్తే సన్నం. పైనుంచి కన్నుకి ఆనేది కట్టడం కాదు, ఎగువన నిండా నీళ్ళు, దిగువన వేసవిలో తేలే ఇసుక మేటలు, ఆ రెండిటికీ మధ్య హద్దు. ఇంకా బాగా తెలిసేది కాటన్ దొర తవ్వించిన కాలవల ఫలితం. ఫిబ్రవరిలో దాళ్వా వరి మీదున్నప్పుడు డెల్టా ఒక రంగు, పక్కనున్న మెట్ట ఇంకో రంగు. నన్నడిగితే ఆ పచ్చదనాన్ని కూడా మనిషి కట్టిందనే రాసుకోవాలి.

ప్రశ్న: మాది ఎకరంన్నర రొయ్యల చెరువు. ఫోన్లో శాటిలైట్ మ్యాపు తెరిస్తే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు కూడా లెక్కపెట్టొచ్చు. అంటే అంతరిక్షం నుంచి మా చెరువు కనబడుతున్నట్టే కదా సార్? హాస్టల్లో పందెం కాశాను.
– డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: పందెం డబ్బు రెడీగా పెట్టుకో బాబూ. ఫోన్లో చూసేది కెమెరా కన్ను, నీ కన్ను కాదు. ఎకరంన్నర చెరువు చదరంగా ఉంటే ఒక్కో వైపు 78 మీటర్లు, మనకి కావలసింది 118. ఒంటరిగా నీ చెరువు లెక్కలోకి రాదు.

కానీ మీ వైపు చెరువు ఒంటరిగా ఎక్కడుంది? గట్టుకి గట్టు ఆనుకుని ఊళ్ళకి ఊళ్ళే నీళ్ళు. అలా కలిసి పరుచుకుంటే కనబడుతుంది. స్పెయిన్‌లో అల్మేరియా దగ్గర కూరగాయల ప్లాస్టిక్ పందిళ్ళు అలాగే కక్ష్య నుంచి తెల్లటి మచ్చలా కనిపిస్తాయి. ఇంకోటి, ఎండ సరైన కోణంలో పడితే నీళ్ళు అద్దంముక్కలా తళుక్కుమంటాయి. మెరుపుకి కొలతలతో పనిలేదు, నక్షత్రాలు కనబడేది అందుకే. రాత్రిళ్ళు ఊళ్ళ దీపాలూ అంతే. మన దేశానికీ పాకిస్తాన్‌కీ మధ్య సరిహద్దు ఫ్లడ్‌లైట్ల గీత అంతరిక్ష కేంద్రం నుంచి 2011లో తీసిన ఫొటోలో నారింజ రంగులో స్పష్టంగా ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలల పైన మండినప్పుడు, అమలాపురంలో మా డాబా మీంచి ఆకాశం ఎర్రగా ఉండేది. పైనున్నవాళ్ళు ఆ రాత్రుల్లో ఇటు చూసి ఉంటే కోనసీమని గుర్తుపట్టి ఉండేవాళ్ళే.

ప్రశ్న: ఆ సివిలైజేషన్ ఆటలో ఆనకట్ట కట్టొచ్చా?
– ఏడో తరగతి అమ్మాయి, కొత్తపేట

జవాబు: ఆరో ఆటకి 2019లో వచ్చిన అదనపు భాగంలో డ్యామ్ కట్టొచ్చు తల్లీ, అది కడితే ఆ నది వరద దెబ్బ తగలదు. మన ధవళేశ్వరం బ్యారేజీ డ్యామ్ కాదు. నీళ్ళని కాలవల్లోకి మళ్ళిస్తుంది గానీ వరదని ఆపదు. 1986 ఆగస్టులో గేట్లన్నీ ఎత్తేస్తే 35 లక్షల క్యూసెక్కులు దాని కిందనుంచే లంకల మీదికి పోయాయి. మీ తాతగారిని అడుగు, నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో గోడ మీద చేత్తో చూపిస్తారు.