పాత టోపీలు బాగుచేసే పని బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. పాత ఫెల్టు టోపీలు (నేయకుండా ఉన్ని, బొచ్చు ఒత్తి చేసినవి) కొని, ఆవిరి పట్టి, మళ్లీ రూపం తెచ్చే పని నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఒప్పుకోవచ్చా? - ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, ప్రొద్దుటూరులో ఈ ఒక్క పని మీద ఇల్లు గడవదు. అయినా వద్దనకండి. డిగ్రీ చదువుతూనే నేర్చుకోనివ్వండి. సినిమా, నాటకాల దుస్తుల విభాగాలకూ, పాత వస్తువులు సేకరించేవాళ్లకూ, మ్యూజియంలకూ ఇలాంటి చేతిపని అవసరం పడుతుంది.

ముందు ఒక్క జాగ్రత్త. కుందేలు బొచ్చు ఫెల్టుకు పూర్వం పాదరసం లవణం పట్టించేవారు. అమెరికాలో 1941లో దాన్ని ఆపేశారు. అంతకు ముందరి టోపీల్లో పాదరసం ఇంకా ఉండొచ్చు, వేడి ఆవిరికి అది గాల్లో కలుస్తుంది. వయసు తెలియని బొచ్చు టోపీకి ఇంట్లో ఆవిరి పట్టనే కూడదు. కొత్త, చవక ఉన్ని టోపీల మీదే చెయ్యి తిరగాలి.

పని ఇలా సాగుతుంది. నూనె మరకల మీద కార్న్‌ఫ్లోర్ చల్లి రాత్రంతా ఉంచి, మెత్తని బ్రష్‌తో నూగు వాలిన వైపే దులపాలి. తర్వాత లోపలి తోలు పట్టీ విప్పేయాలి. ఆవిరికి తోలు ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. తలకొలతకు సరిపోయే చెక్క అచ్చుకు ప్లాస్టిక్ కవరు చుట్టాలి, లేకపోతే చెక్క రంగు ఫెల్టుకు దిగుతుంది. ఫెల్టు మెత్తబడేదాకా ఆవిరి పట్టి, అచ్చు మీదకు చేతులతో కిందికి లాగి, అంచు మొదలయ్యే చోట నూలు తాడు బిగించాలి. పూర్తిగా ఆరేదాకా, అంటే కనీసం ఒక రోజు, అచ్చు మీదే నీడలో ఉంచాలి. తొందరపడి తీస్తే పాత వంకర తిరిగొస్తుంది. తడిగా ఉన్నప్పుడు రుద్దకూడదు. వేడి, తేమ, రాపిడి కలిస్తే ఉన్ని పోగుల పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని టోపీ కుంచించుకుపోతుంది. మన గొంగడిని వేడినీళ్లలో ఉతికి పిండినట్టే. కొత్త తోలు పట్టీని పాత సూది రంధ్రాల్లోంచే కుట్టాలి. పక్కన కొత్త రంధ్రాలు పొడిస్తే ఫెల్టు అక్కడే చినుగుతుంది.

పురుగు పట్టిన టోపీని గాలి చొరబడని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెడితే గుడ్లతో సహా చస్తాయి.

మన జిల్లాల్లో పాత ఇళ్ల అటకల మీద దొరికేది మాత్రం ఎక్కువగా సోలా టోపీ. దొరల కాలంలో వాడిన ఈ టోపీ లోపల ఉండేది జీలుగు బెండు. దానికి ఆవిరి పట్టారా, తేమ పీల్చుకుని వంకరపోతుంది. పొడి బ్రష్‌తో దుమ్ము తీయడం, ఊడిన గుడ్డను పల్చని గంజితో అంటించడం, అంతవరకే.

చదువు సంగతి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్, అంటే పాత వస్తువుల సంరక్షణ, ఎంఏ ఉంది. లక్నోలో 1976లో మొదలైన కన్జర్వేషన్ జాతీయ ప్రయోగశాల శిక్షణ ఇస్తుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ సంరక్షణ ప్రయోగశాల ఉంది, సెలవుల్లో వెళ్లి చూసి రమ్మనండి. అబ్బాయి డిగ్రీలో కెమిస్ట్రీ ఉంటే ఈ దారి చాలా సులువవుతుంది. ఏ గ్రూపు చదువుతున్నాడో రాయండి, దానికి తగిన కోర్సేదో చెబుతాను.