ముందు సీలింగ్ బాల్, తర్వాతే కిల్ షాట్

అమ్మలూ,

నాలుగు గోడల మధ్య ఆడే ఈ రాకెట్‌బాల్ మొదలుపెట్టి రెండు నెలలైనా కిల్ షాట్ (ముందుగోడకు బాగా కిందుగా తగిలి, తిరిగి కొట్టడానికి వీల్లేకుండా పడే షాట్) ఒక్కటీ కుదరడం లేదని, బంతి ముందుగోడకు చేరకుండానే నేలకు తగులుతోందని రాశావు. దాన్ని స్కిప్ అంటారు. అలా జరిగితే ర్యాలీ పోయినట్టే. నీ చేతిలో లోపమేమీ లేదమ్మా, తొందర ఎక్కువైంది. బంతి నడుము ఎత్తులో ఉండగానే కిందికి కొడుతున్నావు, అది నేలకు కాక ఎక్కడికి పోతుంది? దాన్ని దిగనివ్వు. మోకాలి కిందికి వచ్చేదాకా ఆగి, నువ్వూ మోకాళ్లు వంచి, రాకెట్‌ను నేలకు సమాంతరంగా తిప్పు. తగిలే క్షణంలో మణికట్టును విసురు. టెన్నిస్ ఆడినవాళ్లకు మణికట్టు బిగించి కొట్టే అలవాటు ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు.

అయినా కొన్నాళ్లు కిల్ షాట్‌ను పక్కన పెట్టమనే చెబుతాను. ముందు సీలింగ్ బాల్, అంటే పైకప్పుకు తగిలేలా కొట్టే షాట్, నేర్చుకో. కోర్టు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ముందుగోడ 20 అడుగుల ఎత్తు. స్క్వాష్‌లో పైకప్పుకు తగిలితే బంతి అవుట్, మనకు మాత్రం కప్పు కూడా ఆటలో భాగమే. ముందుగోడకు నాలుగైదు అడుగుల ఇవతల కప్పుకు తగిలేలా బంతిని పైకి కొట్టు. అది కప్పు నుంచి గోడకు, గోడ నుంచి నేలకు వచ్చి, అక్కడినుంచి తల మీదుగా ఎగిరి వెనకగోడ దగ్గర దిగుతుంది. బలం సరిగ్గా కుదిరిన రోజున బంతి వెనకగోడకు ఆనుకున్నట్టే జారిపోతుంది, రాకెట్ పెట్టడానికి జాగా ఉండదు. అవతలివాళ్లు అక్కడికి పరుగెత్తేలోపు నువ్వు సెంటర్ కోర్టుకు వచ్చేయొచ్చు. సెంటర్ కోర్టు అంటే షార్ట్ లైన్‌కు (కోర్టును ముందు, వెనక సగాలుగా చీల్చే అడ్డగీతకు) కొన్ని అడుగుల వెనక, మధ్యలో. ఈ ఆటలో సగం కొట్లాట ఆ చోటు కోసమే. ప్రతి షాట్ తర్వాత అక్కడికి రావడం అలవాటైతే, అవతలివాళ్లకు అందకుండా పక్కనుంచి దూసుకుపోయే పాసింగ్ షాట్లకు, పక్కగోడను తాకి ముందు మూలలో చచ్చిపడే పించ్ షాట్‌కు అవకాశాలు వాటంతటవే దొరుకుతాయి.

సర్వీస్ సంగతి. బంతి ముందుగోడకు తగిలి షార్ట్ లైన్ దాటాకే నేలను తాకాలి. మొదటిది వేగంగా, కిందుగా డ్రైవ్ సర్వ్ వెయ్యి. అది ఫాల్ట్ అయితే, అంటే సరిగ్గా పడకపోతే, రెండోసారి టెన్షన్ పడకుండా మెల్లగా, ఎత్తుగా లాబ్ సర్వ్ వెయ్యి. పాత పద్ధతి లెక్కలో సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు వస్తుంది కాబట్టి రెండు ఫాల్టులు చేస్తే సర్వీస్‌తో పాటు పాయింటు అవకాశమూ పోతుంది. బంతి గోడలకు తగులుతూ Z ఆకారంలో పోయే జెడ్ సర్వ్ తర్వాత నేర్చుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నీకు మినహాయింపు లేదు. నేను కొత్తగా ఆడే రోజుల్లో కళ్లద్దాలు లేకుండా ఆడేవాణ్ని. ఒకసారి వెనకనుంచి కొట్టబోతున్న బంతిని చూడాలని మొహం పూర్తిగా వెనక్కి తిప్పాను. అది కంటికి వేలెడు దూరంలో, కణతకు తగిలింది. వారం రోజులు ఆ కన్ను పూర్తిగా తెరవలేకపోయాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆటకని చేసిన రక్షణ కళ్లద్దాలు లేకుండా కోర్టు తలుపు దాటకు, ప్రాక్టీసుకైనా సరే. రాకెట్ తాడు మణికట్టుకు తగిలించుకో. వెనక బంతిని చూడాలంటే భుజం మీదుగా ఓరగా చూడు, రాకెట్ మొహానికి అడ్డంగా ఉండాలి.

అలాగే నువ్వు కొట్టబోతుంటే అవతలివాళ్లు దారిలో నిలబడ్డారనుకో, కొట్టకు, ఆపెయ్. దాన్ని హిండర్ అంటారు, ర్యాలీ మళ్లీ ఆడొచ్చు. ఒక పాయింటు కోసం ఎవరి వీపు మీదా బంతి కొట్టొద్దు.

ఈ వారం రోజూ పావుగంట ఒక్కదానివే కోర్టులో ఉండి, ఫోర్‌హ్యాండ్‌తో ఇరవై, బ్యాక్‌హ్యాండ్‌తో ఇరవై సీలింగ్ బాల్స్ కొట్టు. ఎన్ని వెనకగోడ దగ్గర దిగాయో, ఎన్ని మధ్యలోనే దిగాయో లెక్క రాసి పంపు. దాన్ని బట్టి పట్టు ఎలా మార్చాలో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య