గంట మిగులుతుంది సరే, ఆ గంట ఖరీదెంత?

ప్రశ్న: విశాఖలో ఉద్యోగం, ఎంవీపీ కాలనీలో ఇల్లు, నెలకు చేతికి వచ్చేది 62 వేలు. అమ్మానాన్నలు విజయవాడ మొగల్రాజపురంలో ఉంటారు. నెలకు రెండుసార్లు వెళ్లొస్తాను. విమానమైతే గంటే కదా అని ఈమధ్య అందులోనే తిరుగుతున్నాను. ఒకవైపుకు టికెట్ 3,200, క్యాబ్‌లకు 1,100 అవుతోంది. వందే భారత్‌లో అయితే ఆటోలతో కలిపి 1,300తో పోతుంది. టైమ్ కలిసొస్తోంది కాబట్టి ఈ ఖర్చు సబబేనా?

జవాబు: గంట అన్నది టికెట్ మీద రాసిన లెక్క. మీ గుమ్మం నుంచి లెక్కేద్దాం. ఎంవీపీ కాలనీ నుంచి ఎయిర్‌పోర్టుకు 40 నిమిషాలు. గంటంపావు ముందే అక్కడ ఉండాలి. విమానంలో గంట. దిగాక బయటపడటానికి 20 నిమిషాలు, గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి మొగల్రాజపురం చేరడానికి ఇంకో 45. మొత్తం నాలుగు గంటలు. రైలు ప్రయాణం నాలుగు గంటలే, స్టేషన్‌కు అటూ ఇటూ కలిపితే అయిదు. అంటే మీకు మిగిలేది ఒక్క గంట.

దూరమే తక్కువ మరి. ఆకాశంలో తిన్నగా సుమారు 290 కిలోమీటర్లు, పట్టాల మీద 350. ఇంత దగ్గరికి విమానం ఎక్కితే ఎగరడం కన్నా ఎదురుచూడటమే ఎక్కువ. విశాఖ నుంచి తిరుపతికైతే నేను ఇలా చెప్పను. అది గాల్లోనే దాదాపు 600 కిలోమీటర్లు, రైల్లో పన్నెండు గంటల పైమాట. నేరుగా విమానం దొరికితే అక్కడ డబ్బు పెట్టొచ్చు.

మీ విషయంలో ఆ ఒక్క గంటకు 3,000 ఎక్కువ కడుతున్నారు. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున చూస్తే ఆఫీసు మీకు గంటకు ఇచ్చేది 310. పైగా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ డబ్బా ఉంటే చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు, చెకిన్‌లో వేయాలి. దిగాక బెల్టు దగ్గర నిలబడే ఆ పావుగంట నేను లెక్కలో వేయనే లేదు. విమానాల కోసం భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ గంటా హుష్‌కాకి. మీ ఇంటి నుంచి అది నలభై కిలోమీటర్ల పైచిలుకు.

నెలకు నాలుగు ప్రయాణాల మీద తేడా 12,000. దాన్ని నెలనెలా పోస్టాఫీసు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తే, 6.7 శాతం వడ్డీతో అయిదేళ్లకు సుమారు 8.56 లక్షలు. మీరు అడగలేదు కానీ, మీ ఉత్తరంలో పొదుపు మాట ఒక్కచోటా కనిపించలేదు.

విమానం పూర్తిగా మానేయమనడం లేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోన్ వస్తే లెక్కలు చూసుకోకుండా ఎక్కేయండి. అలాంటి వేళకు ఒక 20,000 విడిగా సేవింగ్స్ ఖాతాలో ఉంచుకోండి, వాడినప్పుడల్లా మళ్లీ నింపండి. ఒక్కో వందే భారత్ రైలు వారంలో ఒకరోజు నడవదు, మీకు కుదిరే బండి లేని రోజు రాత్రి బండిలో పడుకుంటే ప్రయాణం నిద్రలోనే గడిచిపోతుంది.

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. వచ్చే రెండు నెలల్లో మీరు వెళ్లే శనివారాలు ఏవో క్యాలెండర్‌లో చూసుకుని, ఈ రాత్రికే బుక్ చేసేయండి.