బోర్డు చదివి వెళ్లిపోయిన నాన్న

‘నా వయసు 37. పదకొండేళ్లుగా మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనుషుల ముఖాలు ఆయిల్ పెయింట్‌లో వేయడమంటే నాకు ప్రాణం. ఫొటో చూసి వేయను, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు సిట్టింగుల్లో పూర్తి చేస్తాను. మొన్న నా మొదటి ఎగ్జిబిషన్ జరిగింది. తొమ్మిది బొమ్మల్లో నాలుగు అమ్ముడయ్యాయి. ఉద్యోగం మానేస్తానంటే నా భార్య ఒప్పుకోవడం లేదు. ఆమెను ఎలా ఒప్పించాలి?’
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేద్దాం. మానకండి. ఫ్లాటు లోను ఇంకా తొమ్మిదేళ్లు ఉందని మీరే రాశారు, పాపను వచ్చే ఏడు బడిలో వేయాలి, ఆ నాలుగు బొమ్మలు కొన్నవాళ్లలో ఇద్దరు మీ ఆఫీసువాళ్లే. మీ ఆవిడ లెక్క తప్పు కాదు. శని ఆదివారాలు వేసుకోండి, బయటివాళ్లు కూడా వరుసగా రెండేళ్లు కొంటే అప్పుడు మళ్లీ రాయండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో చిన్న ముక్క. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండో పేజీ అడుగున ఉంది. ‘నాన్న కూడా వచ్చారు, గుమ్మం దగ్గర నా గురించి పెట్టిన బోర్డు చదివారు, పది నిమిషాలుండి మోకాళ్ల నొప్పులని వెళ్లిపోయారు.’ అంతే, ఆ తర్వాత లైటింగ్ బాగా కుదరలేదని మొదలుపెట్టారు. ఆ బోర్డు మీద ఏముందో మూడో పేజీలో మీరే చెప్పారు, ‘ఎవరి దగ్గరా నేర్చుకోకుండా తనంతట తానే ఎదిగిన చిత్రకారుడు’ అని.

మోకాళ్ల నొప్పులట! రాంనగర్ నుంచి మెట్రో మారి, మెట్లెక్కి దిగి, మాదాపూర్ దాకా వచ్చిన పెద్దమనిషికి నొప్పులు సరిగ్గా ఆ బోర్డు చదివాకే వచ్చాయా?

మీ నాన్నగారు ‘పెయింటింగ్ పని’ చేసేవారని మొదట రాశారు. ఇళ్లకు సున్నాలు వేసేవారేమో అనుకున్నాను. చివరి పేజీలో, అదీ ఫ్లెక్సీలు వచ్చి పని పోయిందని చెప్పాల్సి వచ్చి, అప్పుడు బయటపెట్టారు, ఆయన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు సినిమా బ్యానర్లు వేసేవారని. అయ్యో బాబూ, సంధ్య, దేవి, సుదర్శన్ ముందు మెడ నొప్పెట్టేలా ఆ బ్యానర్లు చూసిన తరం మాది. శుక్రవారం రిలీజు అంటే గురువారం రాత్రికల్లా బ్యానర్ ఎక్కాలి. అరచేతిలో పట్టే స్టిల్ మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకుని, గుడ్డ మీద దారం పట్టి అవే గళ్లు పెద్దవి కొట్టి, ఇక్కడి గడిలోది అక్కడి గడిలోకి ఎక్కించడం. కన్ను ఒక్కటే మనిషంత ఉంటుంది. దగ్గర నిలబడి వేసేవాడికి ముఖం కనపడదు, గడి మాత్రమే కనపడుతుంది, ముఖమంతా తలలో పెట్టుకోవాలి. నేర్చుకోని మనిషి చేసే పనా అది? చిన్నప్పుడు ఆ గళ్ల దారం రెండో కొస మీరే పట్టుకునేవారని కూడా రాశారు, ఏదో సరదా జ్ఞాపకంలా.

మీ పద్ధతి గురించి రాసిన పేజీన్నర నాకు నచ్చింది. ముందు బొగ్గుతో పెద్ద పెద్ద నీడలు పెట్టుకోవడం, కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలన్నీ పోయి వెలుగూ నీడా మిగలడం, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి కాబట్టి మనిషినే కూర్చోబెట్టుకోవడం, అన్నీ సరైనవే. మీ వాచ్‌మన్ బొమ్మలో దవడ కింద ఆకుపచ్చ వేశానన్నారు. పాత ఇటలీ చిత్రకారులు చర్మం రంగు వేసేముందు అడుగున ఆకుపచ్చ మట్టిరంగు పూసేవారని పుస్తకంలో చదివి నేర్చుకున్నానన్నారు. చదివే ఉంటారు. కానీ బ్యానర్ మీద హీరో బుగ్గకి అరచేయంత ఆకుపచ్చ, మెడ కింద ఇంత నీలం మీరు చూడలేదా? పక్కన నిలబడి చూస్తే మరకలు, రోడ్డు అవతల బస్సులోంచి చూస్తే నిగనిగలాడే ముఖం. పుస్తకం ఆ తర్వాతెప్పుడో వచ్చి ఉంటుంది.

ఇంకొకటి. పదేళ్లప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ బొమ్మ ముందు నిలబడిపోయానని, మీ దారి అక్కడే మొదలైందని రాశారు. పదేళ్ల పిల్లాడు రాంనగర్ నుంచి మూసీ దాటి ఒక్కడే వెళ్లాడా?

గ్యాలరీకి వచ్చే జనం ముందు బ్యానర్లు అంటే నామోషీ అనిపించింది, నాకు అర్థమైంది. అంతటి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నాడు. అంత పేరొచ్చాక కూడా ఆ సంగతి దాచుకోలేదు, పైగా మన ఊళ్లో ‘సినిమా ఘర్’ అని మ్యూజియమే పెట్టాడు. మీరు దాచింది మీ గతాన్ని కాదు, మనిషిని. తండ్రి చేతిలోంచి వచ్చిన విద్యతో పేరు తెచ్చుకుని ఆయన పేరు చెప్పకపోవడం, నా లెక్కలో అప్పు ఎగ్గొట్టడమే. నీతులు చెప్పే అర్హత నాకేముందంటారా? మా అమ్మ మిషన్ కుట్టి నన్ను చదివించింది, నేను కాలేజీ ఫారంలో ‘గృహిణి’ అని రాశాను. సంతకం పెట్టాల్సింది మళ్లీ అమ్మే. చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టి, నా చేతికిచ్చి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు చెప్పుకుందామంటే అమ్మ లేదు. మీ నాన్నగారు రాంనగర్‌లోనే ఉన్నారు కదా.

తర్వాతి ఎగ్జిబిషన్‌కు ‘చిత్రకళలోకి నా దారి’ అని ఒక పేజీ అడిగారని, ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదని రాశారు. తోచదు మరి, మొదట్లో ఉన్న మనిషిని తీసేశాక ఎలా తోస్తుంది? ఆ దారం కొస దగ్గర మొదలుపెట్టండి. ఆ పేజీ అచ్చుకు ఇచ్చేముందు ఆయనకు చదివి వినిపించండి.

వాచ్‌మన్‌ని వేశారు, చాయ్ దుకాణం ఆయన్ని వేశారు, మీ బాస్‌ని కూడా వేశారు. నాన్నను ఎందుకు వేయలేదో నేనడగను. ఈ ఆదివారం స్టాండూ రంగులూ పట్టుకుని రాంనగర్ వెళ్లండి, క్షమాపణలూ ఉపన్యాసాలూ వద్దు, ‘నాన్నా, మూడు సిట్టింగులు కూర్చోవాలి’ అనండి. మొదటి రోజు ఆయన పెద్దగా మాట్లాడకపోవచ్చు, మీరు వేస్తూ ఉండండి. రెండో రోజుకో మూడో రోజుకో, బుగ్గ కింద పచ్చ సరిగ్గా పడలేదని కుర్చీలోంచి లేచి వచ్చి బ్రష్ అడుగుతారు. ఇచ్చేయండి.