ముందు ఆ డిస్కు బీరువాలో పెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ ఇంటి దగ్గరి చర్చి ఆవరణలో డిస్క్ గోల్ఫ్ (పళ్లెంలాంటి డిస్కును వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసుల బుట్టలో వేసే ఆట) బుట్టలు పెట్టారనీ, ఉన్నవి తొమ్మిది హోళ్లేననీ (ఒక్కో బుట్టకు ఆడే ఆట ఒక హోలు), మొదటి రోజే డిస్కు పొదల్లో పడితే అరగంట వెతికావనీ రాశావు. నిబంధనల ప్రకారం వెతకడానికి మూడు నిమిషాలే గడువు, ఆ తర్వాత డిస్కు పోయినట్టే లెక్క. సరే, అది అలా ఉంచు. కొన్న డిస్కు మీద 12 అనే అంకె ఉందన్నావు చూడు, అక్కడే నాకు సంగతి అర్థమైంది. యాభై మీటర్ల హోలుకు ఆ డిస్కు వాడటం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వెయ్యడమే. ముందు దాన్ని బీరువాలో పెట్టు.

ఆ అంకె వేగాన్ని చెబుతుంది. ఎవరు విసిరినా డిస్కు అంత వేగంగా పోతుందని దాని అర్థం కాదు. అది సరిగ్గా ఎగరాలంటే నీ చెయ్యి అంత వేగం ఇవ్వాలని అర్థం. చెయ్యి ఇవ్వలేకపోతే, ప్రయాణం చివర్లో పక్కకు వాలాల్సిన డిస్కు మొదట్లోనే వాలిపోతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా తీసుకెళ్లి, విసిరేవాళ్లకు ఆ వాలు ఎడమవైపు. నువ్వు వెతికిన పొదలు ఎడమ పక్కనే ఉండి ఉండాలి, అవునా?

నీకు కావలసింది పట్టర్. వేగం అంకె 2 గానీ 3 గానీ ఉంటుంది, అంచు మొద్దుగా గుండ్రంగా ఉంటుంది, బరువు 170 గ్రాములకు అటూఇటూ. బుట్టలో వెయ్యడానికే కాదు, అంత చిన్న మైదానంలో మొదటి విసురుకూ అదే చాలు. నాలుగైదు డిస్కులు కొనమని ఎవరైనా చెబితే తలూపి వచ్చెయ్యి. ఒకే డిస్కును పదేపదే విసిరితేనే తప్పు డిస్కుదో నీదో తెలుస్తుంది.

విసరడం గురించి. మొదటి నెల పరుగు వద్దు, అడుగులు వద్దు, నిలబడే విసురు. కుడి భుజం బుట్ట వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడు. బొటనవేలు డిస్కు మీద, మిగతా వేళ్లు కింద. చెయ్యి వెనక్కి చాచి, డిస్కును రొమ్ముకు దగ్గరగా తిన్నగా లాగు. చాలామంది దాన్ని ఒంటి చుట్టూ గుండ్రంగా తిప్పుకొస్తారు, ఇక అది ఎక్కడ వేళ్లు వదులుతుందో వాళ్లకే తెలియదు. చివర్లో మణికట్టు తడి తువ్వాలు దులిపినట్టు కదలాలి. డిస్కును గాలిలో నిలబెట్టేది ఆ తిరుగుడే, భుజబలం కాదు. ఇంకొక్క మాట, అన్నిటికంటే ముఖ్యమైనది: వదిలేటప్పుడు డిస్కు ముందంచు పైకి లేవకూడదు. లేచిందంటే డిస్కు గాలిలోకి ఎక్కి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారి పడుతుంది. నీ భుజం ఎత్తు దాటకుండా విసరడం అలవాటు చేసుకుంటే ఈ జబ్బు చాలావరకు పోతుంది.

గాలి ఎదురుగా వీస్తుంటే ఇంకాస్త కిందుగా, నెమ్మదిగా విసురు. చర్చి గోడ మూల దగ్గర గాలి సుడి తిరుగుతుంది, అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేరు.

నీ లెక్క పాడయ్యేది దూరంలో కాదు, దగ్గరలో. మూడు మీటర్ల నుంచి తప్పిన విసురు కూడా ఒక విసురే కదా. బుట్టకు పది మీటర్ల లోపల ఉన్నప్పుడు, డిస్కు వదిలాక నిలదొక్కుకోవాలి. తూలి ముందుకు అడుగు వేస్తే తప్పు. బుట్ట మొత్తాన్ని చూస్తూ వెయ్యకు. స్తంభానికి కాస్త కుడిగా ఒక గొలుసు ఎంచుకుని, అందులో ఒక్క లంకె మీద చూపు నిలుపు. నేను ఎండకు మెరిసే లంకెను ఎంచుకుంటాను, మబ్బు పట్టిన రోజు నా ఆట అంతంతమాత్రం. డిస్కు గొలుసులకు చిక్కుకుని వేలాడినా, కింది తట్టలో పడినా ఆ హోలు పూర్తయినట్టే. బుట్ట నెత్తిన కూర్చుంటే కాదు.

ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానాన్ని 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ ఏర్పాటు చేశాడు. అప్పట్లో లక్ష్యాలు ఉత్త స్తంభాలే, గొలుసుల బుట్ట తర్వాత వచ్చింది. డిస్కు వేగాన్ని మింగేసి కింద పడేసేది ఆ గొలుసులే. చప్పుడు చేసేదీ అవే. ఆ చప్పుడు గురించే నీకు రాయాలని కూర్చున్నాను.

ఒకసారి నేనూ ఒక చర్చి మైదానంలోనే ఆడుతున్నాను. చివరి హోలు బుట్ట తలుపులకు ఎదురుగా ఉంటుంది. పన్నెండు మీటర్ల నుంచి వేశాను, గొలుసులు ఘల్లుమన్నాయి, నేను రెండు చేతులూ ఎత్తి కేక పెట్టాను. అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. ఆరుగురు మనుషులు శవపేటిక మోసుకుంటూ మెట్లు దిగుతున్నారు. ముందున్న పెద్దాయన నా వైపు చూశాడు, కోపంగా కూడా కాదు. ఎత్తిన చేతులు ఎలా దించాలో నాకు తెలియలేదు. వాకిట్లో అన్ని కార్లు ఆగి ఉండటం నేను వచ్చేటప్పుడే చూశాను, అయినా నాకేమీ తట్టలేదు.

అందుకని, వెళ్లగానే వాకిట్లో కార్లు చూడు. ప్రార్థన వేళలు ముందే తెలుసుకుని ఆ సమయంలో వెళ్లకు. పెళ్లో, అంత్యక్రియలో జరుగుతుంటే మర్నాడు వెళ్లు, బుట్టలు ఎక్కడికీ పోవు. రంగు అద్దాల కిటికీల దిక్కుగా ఉన్న హోలు ఏదైనా ఉంటే, గురి కుదిరేదాకా దాన్ని వదిలేసి పక్క హోలుకు నడువు. ఆ పన్నెండో నంబరు డిస్కు అంచు ఎంత పదునో నీ వేళ్లకు తెలుసు, అద్దానికి తెలియనివ్వకు. సమాధుల మధ్య పడితే నడిచి వెళ్లి చేత్తో తీసుకో, అక్కడ నిలబడి విసరకు. హద్దు దాటిన చోటు నుంచి, ఒక విసురు అదనంగా లెక్క వేసుకుని ఆడితే సరిపోతుంది. పిల్లలు అడ్డంగా పరుగెడుతుంటే ఆగు. చెయ్యి జారి మనుషుల వైపు పోతే మాత్రం సిగ్గు పడకుండా "ఫోర్" అని గట్టిగా అరువు, తప్పుకోమనే హెచ్చరిక అది, అప్పుడు లోపల ప్రార్థన జరుగుతున్నా ఫరవాలేదు.

తోడు ఎవరైనా వస్తే, బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లు ముందు విసరాలి. హోలుకు పార్ (బాగా ఆడేవాళ్లకు పట్టే విసుర్లు) మూడు చొప్పున మొత్తం 27. నీకు 40 వస్తే అది మంచి లెక్కే, నా మొదటి లెక్క ఇక్కడ రాయను.

డిస్కు అడుగున చెరగని సిరాతో పేరు, ఫోను నంబరు రాసుకో. ఆ పొదల్లో వేరేవాళ్ల డిస్కు కనిపిస్తే తిప్పి చూడు, నంబరు ఉంటే ఫోను చెయ్యి. నాలాంటి ముసలివాడెవరో దానికోసం రెండు రోజులుగా తిరుగుతూ ఉంటాడు.

ఇట్లు,
మీ మామయ్య