థీసిస్‌లో 1.1, 1.2 నంబర్లు: చేత్తో కొట్టకండి, వర్డ్‌కే వదిలేయండి

అమెరికాలో ఎమ్మెస్ థీసిస్ మొదలుపెట్టిన మన పిల్లలు చాలామంది అధ్యాయాల నంబర్లు చేత్తోనే టైపు చేసుకుంటూ పోతారు. రెండో అధ్యాయం మధ్యలో ఒక సెక్షన్ చేర్చమని అడ్వైజర్ అన్నారనుకోండి, కింది నంబర్లు, విషయసూచిక, "సెక్షన్ 2.3 చూడండి" అని రాసుకున్నవి అన్నీ దిద్దుకోవాలి. సబ్మిషన్ వారంలో ఆ పాట్లు పడొద్దు.

ముందుగా శీర్షికలకు స్టైల్స్ ఇవ్వండి. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని 1 నొక్కితే హెడింగ్ 1, 2 నొక్కితే హెడింగ్ 2. అధ్యాయానికి మొదటిది, సెక్షన్‌కి రెండోది. పాత నంబర్లు చెరిపేయండి, లేదంటే "2.1 2.1" అని రెండుసార్లు పడుతుంది.

ఇప్పుడు కర్సర్ మొదటి అధ్యాయం పేరులో పెట్టి, హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవల్ లిస్ట్ బటన్ నొక్కండి. బుల్లెట్లు, మామూలు నంబర్ల పక్కన మూడోది. అందులో "1 హెడింగ్ 1, 1.1 హెడింగ్ 2" అని ఉన్నదే ఎంచుకోండి. హెడింగ్ అన్న మాట లేకుండా ఉత్త 1, 1.1 ఉన్నది కూడా కనిపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే, దానికి స్టైల్స్‌తో ముడి ఉండదు.

"చాప్టర్ 1" అని రావాలంటే అదే బటన్ కింద డిఫైన్ న్యూ మల్టీలెవల్ లిస్ట్ తెరిచి, లెవల్ 1లో బూడిదరంగు 1కి ముందు చాప్టర్ అని కొట్టండి. ఆ బూడిదరంగు అంకెను మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని చెరిపి మీరే 1 కొడితే ప్రతి అధ్యాయమూ చాప్టర్ 1 అయి కూర్చుంటుంది. పేరుకు ముందు ఖాళీ మరీ ఎక్కువైతే మోర్ నొక్కి, ఫాలో నంబర్ విత్ దగ్గర ట్యాబ్ తీసి స్పేస్ పెట్టండి.

అధ్యాయాలకు రోమన్ అంకెలే ఉండాలని కొన్ని యూనివర్సిటీల నిబంధన. అప్పుడు సెక్షన్ II.1 అని పడుతుంది. 2.1 కావాలంటే లెవల్ 2, 3లలో లీగల్ స్టైల్ నంబరింగ్‌కి టిక్ పెడితే సరి.

అపెండిక్స్ A, B లకు వాడకుండా మిగిలిన లెవల్ 7ని హెడింగ్ 7కి లింక్ చేసి, పై లెవల్స్ అంకెలు చెరిపి, నంబర్ స్టైల్ A, B, C గా మార్చండి. విషయసూచిక మామూలుగా మూడు స్థాయిలే చూపిస్తుంది కాబట్టి, కస్టమ్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్ ఆప్షన్స్‌లో హెడింగ్ 7 ఎదురుగా 1 వేయాలి.

"సెక్షన్ 2.3 చూడండి" లాంటివి రిఫరెన్సెస్ ట్యాబ్‌లో క్రాస్ రిఫరెన్స్ ద్వారా పెట్టండి. పీడీఎఫ్ తీసే ముందు కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కితే అవీ, విషయసూచికా కొత్త నంబర్లకు మారతాయి.

ఒక్కోసారి నంబర్ ఉండాల్సిన చోట నల్లటి డబ్బా కనిపిస్తుంది. ఫైలు పోయిందని కంగారుపడకండి. కర్సర్ శీర్షిక మొదట్లో పెట్టి, ఎడమ బాణం కీతో ఆ డబ్బా సెలెక్ట్ అయ్యేదాకా జరపండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి రీఅప్లై అంటే నంబర్ తిరిగి వస్తుంది.